ఆరో వీధి రాగి తీగ

రోహిణి కార్తె, వడగాడ్పుల రోజు

ఈ రోజు నా తీగ ముప్పై నాలుగు. సుగుణ తీగ ఎనభై ఒకటి. ముందు ఈ ముక్క రాసేస్తే మిగతాది రాయడానికి చెయ్యి కదులుతుంది.

డబ్బా మనుషులు చేసిన పని ఎప్పటికప్పుడు ఈ పుస్తకంలో రాయాలని నియమం. రాసింది డబ్బా లోపలే ఉంటుంది. నా తర్వాత ఈ ఆరో వీధి డబ్బాకు వచ్చేవాళ్లు చదవాలి తప్ప, నేను బతికుండగా ఎవరూ చదవరు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. నా పేరు భూదేవి. సుగుణ నా తోడికోడలు, మా మరిది సదయ్య భార్య. ఆమెను చూస్తే నాకు ఒళ్లు మంట.

పొద్దున్నే డబ్బా తలుపు తీసి చీమల్ని దులిపాను. ఎండలకు అవి నీడ వెతుక్కుంటూ ఇందులోకే వస్తాయి. జాయింట్లకు పట్టిన చిలుమును చింతపండుతో తోమి, తడి లేకుండా తుడిచి, మైనం పూశాను. ఈ రాగి మా ముత్తాతల కాలంలో టెలిఫోన్ల కోసం భూమిలో పాతింది. అప్పట్లో దీంట్లోంచి మనుషుల మాట ఒక్కటే పోయేదట. ఇప్పుడు బడి పాఠాలు, బొమ్మలు, పెళ్లిచూపులు, వరంగల్ డాక్టరమ్మ, అన్నీ దీంట్లోంచే రావాలి. ఆకాశం పాడయ్యాక గాలిలో పంపింది ఏదీ చేరడం లేదు. వరంగల్ నుంచి మా బొగ్గులవాడ ఎక్స్ఛేంజ్ దాకా ఒక్క గాజు తీగ మిగిలింది. అక్కడి నుంచి ఆరు వీధులకూ రాగే దిక్కు. ఒకే నల్ల తొడుగులో ఆరు జంటల తీగలు పోతాయి. వీధికో జంట, దాని చివర ఒక డబ్బా, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి.

తీగలోంచి ఒక్క క్షణంలో ఎంత పోగలదో చెప్పేదే అంకె, తీగ ఎంత పొడుగైతే అది అంత పడిపోతుంది. మొదటి వీధి ఎక్స్ఛేంజ్ గోడకు ఆనుకునే ఉంది. అక్కడ కోతిని కూర్చోబెట్టినా ఎనభై వస్తుంది. మా వీధి మూసేసిన గని దాటాక, ఊరి చివర ఉంది. ముప్పై నాలుగు రావడానికే నేను పొద్దంతా చింతపండు పిసుకుతూ కూర్చోవాలి.

మా అత్త లచ్చవ్వ ఈ రెండు డబ్బాలూ ఒక్కతే చూసేది. పోయే ముందు ఇద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి, మొదటి వీధి తాళం సుగుణ చేతిలో పెట్టింది. పెద్దకోడల్ని నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు ఆరో వీధి తాళం ఇచ్చి, "నువ్వు దూరం చూసుకో బిడ్డా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

సాయంత్రం సుద్దగోడ దగ్గరికి పోయాను. ఎక్స్ఛేంజ్ గోడ మీద ఎవరి అంకె వాళ్లు సొంత చేత్తో, అందరూ చూస్తుండగా రాయాలి. అబద్ధం రాస్తే తాళం గుంజుకుంటారు. ఏ వీధి అంకె పెద్దదైతే ఆ వీధిలో పెద్ద తెర కట్టి బొమ్మ వేస్తారు. ఆషాఢంలో మొదటి బోనం ఎత్తేది కూడా ఆ వీధి డబ్బా మనిషే. నేను తాళం పట్టిన నాటి నుంచి మొదటి బోనం సుగుణ నెత్తి మీదే పోతోంది. నేను వెనకాల, ఆరో దాన్ని.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఓదెలు చంకలో చాప పెట్టుకుని గడప దిగుతున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"సుగుణోల్ల వీధికి. ఇయ్యాల కొత్త బొమ్మ ఏస్తున్నరు."

"మన డబ్బాల రాదా బొమ్మ?"

"వస్తదే, ఎందుకు రాదు. మన దగ్గర మూతి కదిలినంక మాట వస్తది. అందరు నవ్వినంక నాకు నవ్వొస్తది."

చాప తీసుకుని పోయాడు. కట్టుకున్నవాడు కూడా ఆమె వీధికే పోతుంటే ఇంకెవర్ని అనాలి. ఒక్కదాన్నే కూర్చుని అన్నం తిన్నాను. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైంది.

రోహిణి కార్తె, ఎక్స్ఛేంజ్‌లో మీటింగ్

ఎక్స్ఛేంజ్ పెద్ద వీరస్వామి ఆరుగురినీ పిలిచాడు. ఆయన నెమ్మదస్తుడు, ఒకే మాట మూడుసార్లు చెప్తాడు.

"ఒక్క తొడుగుల ఆరు జంటలు పక్కపక్కన పండుకున్నయి" అన్నాడు. "ఒకదాని మాట ఇంకోదానికి తగులుతది. గదే మనకు చప్పుడు. ఆ చప్పుడు మీద వినబడాలని మీరు ఎవరికి వాళ్లు గొంతు మీట పెంచుకుంటున్నరు. అందరు ఒర్లితే ఎవరికి వినబడ్తది?"

కొత్త పద్ధతి పేరు 'కలుపు' అట. ప్రతి డబ్బా తనకు ఏ తీగ చప్పుడు ఎంత తగులుతుందో ఎక్స్ఛేంజ్‌కు చెప్తుంది. ఎక్స్ఛేంజ్ ఆ చప్పుడును ముందే తీసేసి పంపుతుంది. కొత్త తీగ ఒక్క మూర కూడా వేయకుండానే అంకెలు పెరుగుతాయి.

"కాని ఆరుగురు కలవాలె. ఒక్కరు బయట ఉన్నా ఆ ఒక్కరి చప్పుడు ఐదుగురికి తగులుతది. ఇంకోటి, గొంతు మీట ఇగ మీ చేతిల ఉండదు. ఎంత గట్టిగ మాట్లాడాల్నో ఎక్స్ఛేంజే చూసుకుంటది."

"ఎవరికి ఎంత పెరుగుతదన్నా?" అన్నాను.

ఆయన కొంచెం నసిగాడు. "దగ్గరోళ్లకు ఎక్కువ. మొదటి వీధికి నూటిరవై దాటుతది. నీకు... నాలుగైదు పెరగొచ్చు చెల్లె. పొడుగు తీగ కద."

సుగుణ నా పక్కనే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. ఈ మధ్య సన్నబడింది. మొహం కూడా తెల్లబడి, పెళ్లినాటి కంటే బాగుంది. నాకు ఎండలో నిలబడి నిలబడి చర్మం వంకాయ రంగుకు తిరిగింది.

ఈ తొందరంతా మొదటి వీధిలో కొత్తగా పెట్టిన చేతుల గది కోసమని వీరస్వామి చెప్పాడు. ఆ గదిలో రెండు ఇనుప చేతులు ఉన్నాయి. వరంగల్‌లో డాక్టరమ్మ చేతులు ఎటు కదిలితే ఇక్కడ ఇవి అటు కదులుతాయి. వానలు పడి వాగు పొంగితే మనకు వరంగల్ దారి ఉండదు కాబట్టి ఆపరేషన్ ఇక్కడే చేసుకోవచ్చు. కానీ ఆ గదికి అంకె నూరుకు తగ్గకూడదు, ఊగకూడదు.

అంటే ఆ గది కూడా ఆమె వీధికే వచ్చింది. దానికోసం నేను గొంతు మూసుకోవాలి. ఆరుగురం సరేనన్నాం. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

ఇంటికి వచ్చి డబ్బాలో కలుపు మీట వేశాను. పచ్చ దీపం వెలిగింది. తర్వాత వెనక పలక విప్పి, తగిలిన చప్పుడు సంగతి ఎక్స్ఛేంజ్‌కు చెప్పే సన్న తీగను ఊడబీకి పక్కకు వంచాను. పచ్చ దీపం అట్లాగే వెలుగుతోంది, గొంతు మీట మాత్రం నా చేతిలోనే ఉంది. మిగతా ఐదుగురి గొంతూ తగ్గిన చోట నాది ఒక్కటే మోగాలని దాన్ని చివరికంటా తిప్పాను.

మృగశిర కార్తె, మొదటి జల్లు

నా తీగ అరవై మూడు.

మళ్లీ రాస్తాను, అరవై మూడు. సుగుణది అరవై. మిగతా నలుగురివీ పడిపోయాయి. సుద్దగోడ దగ్గర నా చేతిలో సుద్ద విరిగింది, అంత గట్టిగా నొక్కి రాశాను. కలుపు వేశాక అంకెలు పెరగాల్సింది పోయి ఎందుకు పడ్డాయని వీరస్వామి గడ్డం గోక్కున్నాడు. తొలకరికి జాయింట్లు తడిసి ఉంటాయని తనే చెప్పుకున్నాడు. ఆరో వీధిది ఎట్లా పెరిగిందని ఎవరో అడిగితే, "భూదేవి తోముడు అట్లుంటది" అన్నాడు. మురిసిపోయాను.

పెద్ద తెర మా వీధికి వచ్చింది. చాపలు, పీటలు, సత్తుగిన్నెల్లో మరమరాలు, అన్నీ మా వీధికి నడిచి వచ్చాయి. నేను సర్వపిండి కాల్చి అందరికీ పెట్టాను. ఓదెలు మొదటి వరసలో కూర్చుని, మూతితో పాటే మాట వస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు.

సుగుణ కూడా వచ్చింది. సదయ్య చెయ్యి పట్టుకుని నడిచి వచ్చి చివర్లో కూర్చుంది. ఊళ్లో ఊళ్లో నడవడానికి మొగుడి చెయ్యి కావాల్సి వచ్చిందా అనుకున్నాను. సర్వపిండి ముక్క ఇస్తే కొస తుంచుకుని మిగతాది చేతిలోనే పెట్టుకుంది.

"బాగలేదా?" అన్నాను.

"మస్తుంది అక్కా. నాకే తినబుద్ధి అయితలేదు. నీ వీధికి తెర వచ్చింది, నాకు సంబురంగున్నది."

ఆ మాట మొహం మీద నవ్వుతో అంది. ఓడిపోయినవాళ్లు ఏడవాలి గానీ సంబరపడితే గెలిచినవాళ్లకు ఏం మిగులుతుంది? ఇంత చేసినా నా కడుపు చల్లబడలేదు.

మృగశిర కార్తె, ముసురు

నాలుగు రోజులుగా తెర ఇక్కడే. ఓదెలు చెప్పులు వదిలి గడప మీద కూర్చుని అన్నాడు, "సుగుణ మొకం బాగ పాలిపోయింది. నెత్తురు లేనట్టున్నది."

"ఆమె మొకమే చూసుకుంట కూసుంటవా?"

"నీకు ఏమన్నా అనేటట్టు లేదు" అని లేచి పోయాడు.

మిగతా వీధులవాళ్లు పాఠాలు ఆగి ఆగి వస్తున్నాయని గొణుగుతున్నారు. వీరస్వామి గొడుగు పట్టుకుని తొడుగు పొడుగునా జాయింట్లు విప్పి చూస్తూ తిరుగుతున్నాడు. మా డబ్బా దగ్గరికీ వచ్చాడు. పచ్చ దీపం చూసి, జాయింట్లు వేలితో తడిమి, "నీ దగ్గర వంక లేదు" అని పోయాడు. వెనక పలక విప్పలేదు. లచ్చవ్వ కోడలి డబ్బా పలక ఎవరూ విప్పరు.

ఆరుద్ర కార్తె, వాగు పొంగిన రోజు

వాగు మీది నుంచి నీళ్లు పోతున్నాయి. వరంగల్ దారి మూసుకుంది.

చేతుల గదిలో పరీక్ష చేస్తున్నాం, డబ్బా మనుషులు రావాలని వీరస్వామి కబురు పెట్టాడు. బల్ల మీద సొరకాయ పెట్టారు. తెర మీద డాక్టరమ్మ కనపడింది, పెద్దావిడ, నుదుటి మీద చెమట. పైతోలు మాత్రం సన్నగా గీస్తాను, లోపలి గుజ్జు కదలకూడదు అని చెప్పింది. ఇనుప చెయ్యి కత్తి పట్టుకుని వంగింది. సగం గీత దాకా నిదానంగా వచ్చింది. తర్వాత ఒక్క క్షణం ఆగింది, జల్లెడలా ఊగింది, వెంటనే కిందికి దిగిపోయింది. సొరకాయ అడ్డంగా చీలి రెండు ముక్కలై, గింజలు బల్ల మీద పడ్డాయి.

 డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ, "ఈ లైనుతో నేను మనిషిని ముట్టుకోను" అంది.

"ఇంతకీ ఆపరేషన్ ఎవరికి?" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఆ చూపుల్లోనే తెలిసింది, నాకు తప్ప అందరికీ తెలుసని. సదయ్య గోడ వైపు తిరిగాడు. సుగుణ బల్ల మీది సొర గింజల్ని ఒక్కొక్కటే ఏరి దోసిట్లో వేసుకుంటోంది.

"నాకే అక్కా" అంది.

గర్భసంచిలో గడ్డ. నెలల నుంచి నెత్తురు పోతోంది. ఎండలప్పుడే వరంగల్ పోదామంటే బండి కుదుపులకు ఇంకా ఎక్కువైతదని నర్సమ్మ ఆపింది. ఇప్పుడు పోదామన్నా దారి లేదు. వాగు తగ్గేదాకా ఆగితే ఒంట్లో నెత్తురు మిగలదట.

నా గుండె జారిపోయింది. అది నిజం, రాస్తున్నాను. దాని వెంటనే ఇంకోటి వచ్చింది, అదీ రాస్తున్నాను. ఇంత పెద్ద సంగతి ఊరంతటికీ చెప్పి నాకు చెప్పలేదు. నేను అంత కానిదాన్నయ్యానా? సన్నబడింది, తెల్లబడింది అని నేను కుళ్లుకున్నది ఈ రోగాన్ని చూసా?

ఇంటికి వచ్చి డబ్బా ముందు నిలబడ్డాను. వెనక పలక విప్పి ఆ సన్న తీగ తగిలిస్తే చాలు. కానీ తగిలించిన సాయంత్రమే గోడ మీద ఐదు అంకెలు లేస్తాయి, నాది ఒక్కటే పడుతుంది. చదువు రానివాళ్లకు కూడా అర్థమైపోతుంది. రేపు పెడదాం అనుకున్నాను. పొద్దున్నే, ఎవరూ లేవకముందు.

పొద్దున కూడా పెట్టలేదు.

ఆరుద్ర కార్తె, సుగుణ పిలిచిన రోజు

సదయ్య వచ్చాడు. "వదినె, సుగుణ నిన్ను రమ్మన్నది. తను లేస్తలేదు, డబ్బా జర చూస్తవా అని."

పోయాను. సుగుణ గోడవార మంచం మీద పడుకుని ఉంది. పెదాలకూ చెంపలకూ రంగులో తేడా లేదు. తాళం తలగడ కింది నుంచి తీసి ఇచ్చింది. ఎన్నేళ్లు ఆ తాళం కోసం కలవరించానో, అది నా చేతిలో వేడిగా ఉంది, ఆమె ఒంటి వేడి.

మొదటి వీధి డబ్బా తలుపు తెరిచాను. అత్త పోయాక ఇదే మొదటిసారి తెరవడం. ముందు కనపడింది తెర. ఈ తీగకు మిగతా ఐదు తీగల చప్పుడు ఎంత తగులుతోందో అందులో గీతలుగా కనిపిస్తుంది. రెండు, మూడు, నాలుగు, ఐదు, నేల మీది గడ్డిలా పొట్టిగా ఉన్నాయి. ఆరోది తెర పైఅంచును తాకుతోంది.

 ఈ తెర ఇన్ని రోజులూ ఆమె ముందు తెరిచే ఉంది.

తర్వాత గొంతు మీట చూశాను. కలుపు మీట వేశాక అది పనిచేయదు, కానీ అంతకు ముందు ఎక్కడ ఉందో అక్కడే ఆగిపోయి ఉంది. చాలా కింద ఉంది. దాని చుట్టూ పట్టిన మట్టిని చూస్తే ఏళ్ల తరబడి కదిలించలేదని తెలుస్తోంది. ఎనభై ఒకటి వచ్చినప్పుడు కూడా ఆమె ఇంత కిందే పెట్టుకుంది.

తలుపు మూసి లోపలికి వచ్చాను.

"ఆ మీట ఎందుకట్ల కింద పెట్టినవే?"

"అత్త పెట్టమన్నది" అంది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "నీది దగ్గరి తీగ, నువ్వు గట్టిగ మాట్లాడితే భూదేవి మాట ఎక్స్ఛేంజ్ దాకా రాదు. జర గొంతు తగ్గించుకో బిడ్డా అన్నది. దగ్గరిది ఎవ్వలైనా చూస్తరు, దూరపుది భూదేవి చేతికే లొంగుతదన్నది."

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నీకు దయ చూపించినట్టయితది, భరించలేదు, చెప్పకన్నది."

అత్తకు నా గురించి బాగానే తెలుసు. ఆమె బతికి ఉంటే ఆ మంచం పట్టుకుని పోట్లాడేదాన్ని. నా ముప్పై నాలుగులో సుగుణ ఇచ్చింది ఎంతో, నేను తోమి తెచ్చుకున్నది ఎంతో ఇప్పుడు నాకు తెలియదు.

"ఆరో గీత ఎప్పటి సంది చూస్తున్నవ్?"

"మొదటి నాటి సంది."

"వీరస్వామన్నకు ఎందుకు చెప్పలే? నీ పానం పోతుంటే?"

"చెప్తే నీ తాళం గుంజుకుంటరు. ఆరో వీధి ముందర నీ ఇజ్జత్ పోతది." కళ్లు మూసుకుంది. "నువ్వే వచ్చి చూస్తవని పిలిచిన."

"చూడకపోతే?"

"చూసినవ్ కద అక్కా."

నిజం రాస్తున్నాను, నాకు ఆ క్షణంలో జాలి కలగలేదు. నిలువునా మండిపోయాను. గొంతు తగ్గించుకుని కూడా ఎనభై ఒకటి తెచ్చింది. నా దొంగతనం తెలిసి కూడా నా సర్వపిండి తినడానికి వచ్చి, సంబరంగా ఉందంది. చావు దగ్గర పడుకుని నా పరువు కాపాడుతోంది. అంకెలోనే కాదు, మంచితనంలో కూడా ఈమే ముందుంటే నేనెక్కడ నిలబడాలి?

"పండుకో" అని మాత్రం అన్నాను. వానలో బయటికి వచ్చాను.

మా వీధికి పరుగెత్తలేదు గానీ నడిచిన నడక పరుగు కంటే తక్కువేం కాదు. వెనక పలక విప్పాను. వంచి వదిలేసిన సన్న తీగ ముసురుకు చిలుము పట్టి పచ్చగా ఉంది. అట్లాగే తగిలిస్తే పట్టదు. లోపలికి పోయి చింతపండు తెచ్చాను. వాన చినుకులు డబ్బాలోకి పడుతున్నాయి. ఇంతలో ఓదెలు గోనెసంచి పట్టుకుని వచ్చి, నా మీదా డబ్బా మీదా కలిపి కప్పి పట్టుకున్నాడు.

"ఏంది గా తీగ?" అన్నాడు.

చెప్పాను. ఊడబీకింది, ఎందుకు ఊడబీకింది, సొరకాయ ఎందుకు చీలింది, అన్నీ చెప్పాను. చెప్తున్నంత సేపూ చింతపండుతో తోముతూనే ఉన్నాను. ఆయన ముఖం వైపు చూడలేదు.

"మూతి, మాట కలిసిననాడే నాకు అనుమానం వచ్చింది" అన్నాడు. "బొమ్మ బాగుండె, ఊకున్న. నాది గూడ తప్పే."

గోనెసంచి మాత్రం వదల్లేదు. తీగ ఎర్రగా మెరిసేదాకా తోమి, ఊది, కొంగుతో తుడిచి తగిలించాను. గొంతు మీట చేతిలో ఉండగానే బిగిసిపోయింది. ఎక్స్ఛేంజ్ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తెర మీద అరవై మూడు కాస్తా దిగి దిగి ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. ఊగలేదు.

ఆరుద్ర కార్తె, అదే సాయంత్రం

సుద్దగోడకు పోకుండా ఉండాలనిపించింది. పోకపోతే నా అంకె రాయడానికి మనుషులు ఉండరు, గోడ మీద ఖాళీ ఇంకా గట్టిగా కనపడుతుంది. పోయాను.

నాకంటే ముందు నలుగురూ రాశారు. డెబ్బై, తొంభై, అట్లా లేచాయి. మొదటి వీధి అంకె సుగుణకు బదులు సదయ్య రాశాడు, నూట ఇరవై ఆరు. జనం ఒక్కసారి హమ్మయ్య అన్నారు. తర్వాత నా వంతు. నిన్నటి అరవై మూడు పక్కనే ముప్పై తొమ్మిది రాశాను.  సుద్ద పెట్టేసి వెనక్కి తిరిగాను.

జనం గోడను చదివారు, తర్వాత నన్ను చూశారు.  నలుగురూ నాలుగు మాటలని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని.

వీరస్వామి నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు రాసిన అంకె అబద్ధం కాదు, తాళం గుంజుకునే నియమం నీకు తగలదు" అన్నాడు. "అంకె తప్పు కాదు చెల్లె, నువ్వు తప్పు. ఈ వానకాలమంత ఆరు డబ్బాల జాయింట్లు నువ్వే తోముతవ్." సరేనన్నాను. ఈసారి చిన్నగా అన్నాను.

మళ్లీ సొరకాయ పెట్టారు. ఇనుప చెయ్యి తోలును దారంలా ఒలిచి పక్కన పెట్టింది. లోపలి గుజ్జు మీద గీత కూడా పడలేదు. డాక్టరమ్మ తెర మీద నుంచి తల ఊపి, "పొద్దున మొదలుపెడదాం" అంది.

ఆరుద్ర కార్తె, ఆపరేషన్ రోజు

అందరూ మొదటి వీధిలో చేతుల గది ముందు నిలబడ్డారు. నేను మాత్రం ఆరో వీధిలో, నా డబ్బా దగ్గర. ఒక్క జాయింట్ తడిసినా నా చప్పుడు మళ్లీ ఆమె తీగకు తగులుతుంది. అక్కడ ఇనుప చేతిలో కత్తి ఉంది. కింద ఉన్నది సొరకాయ కాదు.

వాన ఆగలేదు. ఓదెలు, నేను గోనెసంచి చెరో కొస పట్టుకుని నిలబడ్డాం. తెర మీద ముప్పై తొమ్మిది కదలకుండా ఉంది. నా జీవితంలో ఎప్పుడూ ఆ అంకె పెరగాలని కోరుకున్నాను. ఈ రోజు పెరగొద్దు, తగ్గొద్దు, కదలకుండా ఉంటే చాలనుకున్నాను. పెద్ద జాయింట్ మీద నీటి బొట్టు జారుతుంటే వేలు అడ్డం పెట్టి అట్లాగే ఉంచాను. వేలు మొద్దుబారింది. తీయలేదు.

మనసులో అత్తతో మాట్లాడాను. నీ చిన్నకోడల్ని ఇప్పుడే తీసుకుపోకు, నేను ఇంకా ఆమెతో తేల్చుకోవలసింది ఉంది అని చెప్పాను.

పొద్దు వాలబోతుండగా సదయ్య వానలో నడుచుకుంటూ వచ్చాడు. ఆ నడక చూసి నాకేమీ అర్థం కాలేదు. దగ్గరికి వచ్చాక కళ్లు తుడుచుకున్నాడు.

"అయిపోయింది వదినె. గడ్డ తీసేసిండ్రు. నెత్తురు ఆగింది. కండ్లు తెరిచింది."

"ఏమన్నది?"

"అక్క తిన్నదా అన్నది."

కడుపు కోసిన మనిషి నేను తిన్నానో లేదో అడుగుతుందా! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఏడుపు వచ్చింది. ఓదెలు గోనెసంచి నా తల మీదికి లాగి, వాన తగులుతోందని సదయ్యతో ఏదో అన్నాడు.

పునర్వసు కార్తె, బోనాల రోజు

తెర మళ్లీ మొదటి వీధికి పోయింది. చాపలూ పోయాయి. ఓదెలు మాత్రం చాప తీసుకుని గడప దాకా పోయి, నా మొహం చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. పో, నీ చాప నువ్వు తీసుకుని పో అని నేనే తరిమాను.

పొద్దున ఆరు డబ్బాలూ తోముతున్నాను. సుగుణ డబ్బా తోమడానికి ఎక్కువ సేపు పడుతుంది. నా డబ్బా కంటే శుభ్రంగా ఉండకూడదని ఒక్కోసారి అనిపిస్తుంది, అయినా శుభ్రంగానే తోముతున్నాను. చప్పుడు చెప్పే తెరలో ఇప్పుడు ఆరు గీతలూ పొట్టిగా, ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఈ రోజు బోనాలు. మొదటి బోనం సుగుణది. అంకె నూట ఇరవై ఆరు, ఎవరూ కాదనలేరు. కానీ కుట్లు మానలేదు, బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. మరి మొదటి బోనం ఎవరు ఎత్తాలి అని జనం తర్జనభర్జన పడ్డారు. రెండో వీధామె కుండ సర్దుకుని ముందుకు వచ్చింది కూడా.

సుగుణ గడప ముందు మంచం వేయించుకుని కూర్చుని ఉంది. బుగ్గలకు కొద్దిగా రంగు వచ్చింది.

"నా బోనం మా అక్క ఎత్తుతది" అంది.

వీధి మొత్తం నన్ను చూసింది. సుద్దగోడ దగ్గర చూసిన ఆ కళ్లే. వద్దందామనుకున్నాను. నా అంకెతో, నా పేరుతో ఎత్తాలని ఎన్నేళ్ల నుంచో కోరుకున్న బోనం అది. ఆమె చేతి మీదుగా, ఆమె అంకె మీద, అందరి ముందూ నాకు వస్తోంది. ఇంతకంటే నన్ను కొట్టడానికి ఇంకో దారి లేదు. ఆమెకు కొట్టాలని లేదు, అది నాకు తెలుసు, అదే నాకు ఎక్కువ నొప్పి.

వద్దనలేకపోయాను. నాకు కావాలి. ఇన్నేళ్లుగా కావాలి.

సదయ్య కుండను నా నెత్తి మీద పెట్టాడు. లోపల అన్నం వేడిగా ఉంది, పైన దీపం, వేపాకులు చెవులకు తగులుతున్నాయి. డప్పులు మొదలయ్యాయి. అందరికంటే ముందు నేను నడిచాను, నా వెనక ఐదుగురు. ఎప్పుడూ ముందువాళ్ల వీపులే చూసేదాన్ని, ఇప్పుడు నా ముందు ఖాళీ దారి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందమో ఉక్రోషమో నన్ను అడిగితే రెండూ అని చెప్తాను.

సుగుణ మంచం పక్క నుంచి పోతుంటే ఆమె చిన్నగా పిలిచింది, నాకు మాత్రమే వినబడేంత గొంతుతో.

"అక్కా, కుండ ఎడమకు ఒరుగుతున్నది. జర సర్దుకో."

ఎత్తింది నేను, మొయ్యడం కూడా ఆమే నేర్పాలా? పళ్లు కొరుక్కున్నాను. చెయ్యి పైకి పెట్టి చూశాను. నిజంగానే ఎడమకు ఒరిగి ఉంది. సర్దుకున్నాను.